పాత కోల్ట్ హెవీ బారెల్ ఏఆర్-15 చేతికొస్తోంది, తీసుకోమంటారా?

సైలెంట్_సుబ్బు:

అందరికీ నమస్తే. రైఫిల్ షూటింగ్ మీద ఎప్పట్నుంచో మనసుంది, ఈమధ్యే గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి ఇక ఆగక్కర్లేదనుకున్నా. ఇప్పటిదాకా క్లబ్బులో చిన్న .22 రైఫిల్‌తో కాగితం మీద చిల్లులు పెట్టడమే. అక్కడే ఒక అమెరికన్ పెద్దాయన భుజం సర్జరీ అయ్యాక మానేస్తున్నారు, తన కోల్ట్ కంపెనీ ఏఆర్-15 రైఫిల్, స్పోర్టర్ మ్యాచ్ హెచ్‌బార్ (హెవీ బారెల్) మోడల్, నాకైతే ఇస్తానంటున్నారు. 1990ల మొదట్లోది, 20 అంగుళాల బారెల్ మొదలు నుంచి చివరిదాకా లావుగానే ఉంది, ఏ2 సైట్లు (స్కోప్ లేకుండా గురి చూసేవి), భుజానికి ఆనే స్టాక్ ఫిక్స్‌డ్, బారెల్ మీద 5.56 నాటో 1/7 అని కొట్టి ఉంది.

నా డౌట్లు ఒకటా రెండా. యూట్యూబ్ తెరిస్తే అందరూ సన్న బారెల్, తేలిక రైఫిల్ అంటూ పొగుడుతున్నారు, ఈ లావు బారెల్ వల్ల నిజంగా గురి బాగుంటుందా లేక ఊరికే మోత బరువా? దీంట్లో ఏ తూటాలు వాడాలి? స్కోప్ లేకుండా నేర్చుకోవడం మంచిదేనా? పాతది కదా, కొనేముందు ఏం చూసుకోవాలి? నేనుండేది మేరీల్యాండ్‌లో, ఇక్కడ ఏఆర్‌లు బ్యాన్ అని ఒకరంటారు, కాదు షాపుల్లోనే అమ్ముతున్నారు కదా అని ఇంకొకరంటారు, ఏది నిజమో అర్థం కావట్లేదు. మ్యాచ్‌లు ఆడాలనే ఆశ, వేటకి వెళ్ళే ఉద్దేశం లేదు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుండు.

ఆరు_వందల_గజాలు:

సుబ్బు గారూ, మేరీల్యాండ్ సంగతి ముందు తేల్చేద్దాం, భలే తమాషాగా ఉంటుంది. అక్కడి చట్టంలో పేర్లతో ఒక జాబితా ఉంది, అందులో కోల్ట్ ఏఆర్-15, సీఏఆర్-15, వాటి నకళ్ళు అన్నీ ఉన్నాయి, కానీ అదే వాక్యంలో "కోల్ట్ ఏఆర్-15 స్పోర్టర్ హెచ్‌బార్ తప్ప" అని కూడా రాసిపెట్టారు. 2013లో కొత్త చట్టమొచ్చి ఆ జాబితాలోవి కొత్తగా కొనకూడదన్నప్పుడు కూడా ఈ "తప్ప" అలాగే ఉండిపోయింది. మీ షాపుల్లో దొరికే ఏఆర్‌లు హెవీ బారెల్‌వి ఎందుకుంటాయంటే ఇందుకే. మిగతా రాష్ట్రాల్లో ఈ లావు బారెల్ ఒక ఇష్టం, మీ దగ్గర మాత్రం చట్టం లోపల ఉండే దారి. మీకిస్తానంటున్నది ఆ వాక్యంలో పేరు పెట్టి మరీ వదిలేసిన రైఫిల్. అలాగని చేతి నుంచి చేతికి మార్చుకోకండి, 2021 అక్టోబర్ నుంచి అక్కడ రైఫిల్ అయినా సరే ప్రైవేట్‌గా కొంటే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే తీసుకోవాలి. పెద్దాయన దగ్గర 20, 30 రౌండ్ల మ్యాగజైన్లు ఉంటే అవి మీకివ్వడం ఆ రాష్ట్రంలో కుదరదు, 10 దాటినవి అమ్మకూడదు, చేతులు మారకూడదు. 10 రౌండ్లవి కొత్తవి కొనుక్కోండి, మ్యాచ్‌కి అవి చాలు.

ఇక బారెల్. సైన్యం ఎం16ఏ2 కూడా లావు బారెలే అంటారు గానీ అది హ్యాండ్‌గార్డ్ (చేత్తో పట్టుకునే తొడుగు) బయటికి వచ్చిన ముక్క వరకే, లోపల సన్నగానే ఉంటుంది. హెచ్‌బార్ అలా కాదు, లోపల కూడా లావే, తేడా అక్కడుంది. గొట్టం లావు కొంచెం పెరిగితేనే బిగువు చాలా పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతంలో లెక్క కాబట్టి 0.625 అంగుళాల నుంచి 0.75 చేస్తే చాలు, సుమారు రెట్టింపు గట్టిదనం. వేడి సంగతి కూడా అంతే, మందపాటి పెనం లాగా లేటుగా వేడెక్కుతుంది, కానీ చల్లారడం కూడా లేటే, ఈ రెండో మాట ఎవరూ చెప్పరు. పది రౌండ్లు వరసగా కాల్చినప్పుడు పదో తూటా మొదటి తూటా దగ్గరే పడాలి, హెవీ బారెల్ పని అంతవరకే. చెడ్డ బోర్ (బారెల్ లోపలి రంధ్రం) ఉన్న లావు బారెల్ కంటే మంచి బోర్ ఉన్న సన్న బారెల్ నూటికి నూరుపాళ్ళు బాగా కొడుతుంది, లావు వల్ల గురి "పెరుగుతుంది" అనుకోకండి, వేడెక్కినా చెదరదు అనుకోండి.

మ్యాచ్‌లంటే మీరు చూడాల్సింది సర్వీస్ రైఫిల్, అంటే సైన్యం రైఫిల్ లాంటివాటితో ఆడే పోటీ. 200 గజాల్లో నిలబడి 10, అక్కడే కూర్చుని రాపిడ్‌లో (టైమ్ పెట్టి గబగబా) 10, 300లో పడుకుని రాపిడ్‌లో 10, 600లో పడుకుని నిదానంగా 20, మొత్తం 50 తూటాలు, 500 పాయింట్లు. ఒహాయో క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జరుగుతున్న నేషనల్ మ్యాచ్‌ల పద్ధతి ఇదే. అంత రేంజ్ లేని క్లబ్బులు 100 గజాల్లోనే చిన్న టార్గెట్లు పెట్టి ఆడతాయి, నేను చాలాకాలం అవే ఆడాను, నిలబడి కొట్టడం అక్కడ రాకపోతే ఎక్కడా రాదు. బరువు గురించి అడిగారు కదా, మీ రైఫిల్ 8 పౌండ్ల దగ్గర ఉంటుంది, మ్యాచ్ లైన్‌లో అది తేలికది కిందే లెక్క. అక్కడ స్టాక్‌లో సీసం, హ్యాండ్‌గార్డ్‌లో సీసం కూరుకుని 12, 15 పౌండ్లు చేసుకున్నవాళ్ళు కనపడతారు, బరువు ఉంటే ఊగడం తగ్గుతుంది కాబట్టి.

తేలిక_తమ్ముడు:

అన్నా మీరన్నది మ్యాచ్ వాళ్ళ లెక్క, అందరూ చాప మీద పడుకుని కాల్చరు కదా. నా దగ్గర హెవీ బారెల్‌ది 20 అంగుళాలది ఉండేది, రేంజ్‌లో బెంచ్ మీద పెడితే రాజాలా ఉండేది, చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదులుతూ కాల్చే పోటీలకి తీసుకెళ్తే ముందు భాగం మొత్తం కిందకి లాగేసేది, రెండో స్టేజ్‌కే ఎడమ చెయ్యి వణకడం మొదలయ్యేది. అమ్మేసి సన్న బారెల్ 16 అంగుళాలది తీసుకున్నా, 100 గజాల్లో స్టీల్ ప్లేట్ మోగడానికి హెచ్‌బార్ అక్కర్లేదు. సుబ్బు బ్రో నిజంగా మ్యాచ్‌లు ఆడతాడో లేదో ముందు తేల్చుకోవాలి, లేదంటే ఇది మూలన పడి ఉంటుంది.

ఇంకోటి, ఇంటర్నెట్‌లో "నాది 1 ఎంఓఏ రైఫిల్" అనేవాళ్ళని నమ్మకు. ఎంఓఏ అంటే తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయో చెప్పే కోణం కొలత, 1 ఎంఓఏ అంటే 100 గజాల్లో 1.047 అంగుళాలు. మూడు తూటాలు కొట్టి, అందులో బాగా వచ్చిన గ్రూప్ (తూటాల చిల్లుల గుంపు) ఫోటో పెట్టి అదే రోజూ వస్తుందన్నట్టు చెప్తారు. పది కొట్టి చూపించమను, అప్పుడు మాట్లాడదాం.

ఆరు_వందల_గజాలు:

పది తూటాల మాట కరెక్ట్, దానికి నా ఓటు కూడా. మిగతాది ఏ ఆటకి ఏది అన్నదే, తగువేం లేదు. మేరీల్యాండ్‌లో ఆయన సన్న బారెల్ 5.56 కొత్తది కొనలేడు కాబట్టి ఆ ఎంపికే లేదు, అదొక్కటి మర్చిపోయావు తమ్ముడూ.

తూటాల గురించి. బారెల్ మీద 5.56 నాటో అని ఉంది కాబట్టి .223 రెమింగ్టన్, 5.56 రెండూ నిక్షేపంగా వాడొచ్చు. తలకిందులుగా అయితే కుదరదు, .223 మాత్రమే అని ఉన్న చాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే గది) 5.56 వేస్తే ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే 5.56 చాంబర్‌లో తూటా ముందు ఖాళీ కొంచెం ఎక్కువ ఇస్తారు. 1/7 అంటే బారెల్‌లో 7 అంగుళాలకి తూటా ఒక చుట్టు తిరుగుతుంది, అది బరువు తూటాలకి పెట్టినది. మొదట్లో వచ్చిన ఏఆర్‌లు 1/12, అవి 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) వరకే బాగుండేవి. మీదాంట్లో 55 గ్రెయిన్ల మామూలు తూటాలు కూడా ప్రాక్టీస్‌కి బాగానే పోతాయి, కాకపోతే పల్చటి తొడుగు ఉండే వేట తూటాలు, 40, 45 గ్రెయిన్లవి, వేగంగా తోలితే అంత వేగంగా తిరగడం తట్టుకోలేక గాల్లోనే విడిపోవచ్చు. మ్యాచ్‌కి 69 గానీ 77 గానీ తీసుకోండి. 600 గజాల్లో 80 వాడతారు, అది మ్యాగజైన్‌లో పట్టదు, ఒక్కోటి చేత్తో పెట్టాలి. పచ్చ మూతి ఉన్న 62 గ్రెయిన్ల ఎం855 చవగ్గా దొరికింది కదా అని డబ్బాలు కొనకండి, లోపల ఉక్కు ముక్క ఉంటుంది, చాలా రేంజ్‌ల్లో అయస్కాంతం పెట్టి చూసి వెనక్కి పంపిస్తారు, గురికి కూడా గొప్పది కాదు.

స్కోప్ తర్వాత చూసుకోండి. 2016 నుంచి సర్వీస్ రైఫిల్‌లో 4.5 రెట్ల వరకు స్కోప్ ఒప్పుకుంటున్నారు, ఇప్పుడు లైన్‌లో చాలామందివి స్కోపులే, నేను కూడా కళ్ళజోడు వచ్చాక అటే వెళ్ళా. కానీ మీ రైఫిల్‌కి క్యారీ హ్యాండిల్ (పైనుండే పిడి) అతికి ఉంటుంది కాబట్టి స్కోప్ పెడితే బాగా ఎత్తులో కూర్చుంటుంది, చెంప స్టాక్‌కి ఆనదు. ఏ2 సైట్లతోనే ఒక సీజన్ ఆడండి. ముందు సైట్‌లోని పుల్ల మీదే చూపు నిలపాలి, టార్గెట్ మసగ్గా కనపడాలి, మనసు మాత్రం టార్గెట్ వైపే లాగుతుంది, ఆ లాగుడుతోనే పోరాటమంతా.

హెచ్1_బాధితుడు:

మధ్యలో దూరుతున్నా సారీ. నేనింకా హెచ్-1బీ మీదే ఉన్నా, ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యింది, లైన్ ఎప్పటికి కదుల్తుందో దేవుడికే తెలియాలి. నేను కొనొచ్చా? కొనకపోయినా ఫ్రెండ్‌తో రేంజ్‌కెళ్ళి వాళ్ళది కాల్చొచ్చా?

ఫారం_4473:

దీని గురించి మన వాళ్ళలో పిచ్చి పిచ్చి సలహాలు తిరుగుతుంటాయి కాబట్టి వివరంగా రాస్తున్నా. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 అన్నీ ఇందులోకే వస్తాయి, ఐ-140 అప్రూవ్ అయినా మీరు అదే స్టేటస్‌లో ఉన్నట్టు లెక్క. కానీ మినహాయింపులు ఉన్నాయి, మనలాంటి వాళ్ళకి పనికొచ్చేది ఒకటే, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లేదా పర్మిట్. చాలా రాష్ట్రాల్లో హంటర్ సేఫ్టీ క్లాస్ చేస్తేగానీ అది ఇవ్వరు, ఆ క్లాస్ ఎలాగూ మంచిదే. డీలర్ దగ్గర 4473 ఫారంలో వీసా గురించి సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే ఫెలొనీ, ఇమిగ్రేషన్ కూడా పోతుంది. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా, ఫ్రెండ్ చేతికిచ్చినా అది కూడా మీ చేతిలో ఉన్నట్టే, "కొనలేదు కదా" అనేది పనిచెయ్యదు. లైసెన్స్ గడువు అయిపోతే ఇంట్లో ఉన్న తుపాకీ ఆ రోజు నుంచే సమస్య, రెన్యూవల్ తారీఖు ఫోన్‌లో పెట్టుకోండి. ఇదంతా ఫెడరల్, మీ రాష్ట్రం దీనిమీద ఇంకేం అడుగుతుందో వేరే చూసుకోవాలి, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రం లాంటి చోట్ల ఏఆర్ కొత్తగా కొనడమే కుదరదు. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

హెచ్1_బాధితుడు:

అమ్మో, పోయిన థాంక్స్‌గివింగ్‌కి మా టీమ్ అంతా రేంజ్‌కెళ్తే నేను జ్వరమొచ్చి ఆగిపోయా, ఆ జ్వరానికి దండం పెట్టాలి. థాంక్స్ అన్నా.

మల్లి_మ్యాచ్_గన్:

సుబ్బు గారూ, మీ ఆవిడ వైపు నుంచి నేను మాట్లాడతా, ఎందుకంటే మా ఇంట్లో షూటింగ్ నాది, భయం మా ఆయనది. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ న్యాయమైనవే కాబట్టి వాటికి సమాధానాలు రెడీ చేసుకున్నాకే తుపాకీ ఇంటికొచ్చింది. సేఫ్ ముందు కొనండి, రైఫిల్ తర్వాత. సేఫ్‌ని గోడకో నేలకో బోల్ట్ చెయ్యాలి, తూటాలు ఇంకోచోట తాళంలో ఉండాలి, కోడ్ పాప పుట్టినరోజు పెట్టకండి, పిల్లలు అదే ముందు నొక్కుతారు. మీ ఆవిడ షూటింగ్ చెయ్యకపోయినా సరే, మ్యాగజైన్ తియ్యడం, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్ ఖాళీ అని కళ్ళతో చూడడం ఆవిడకి నేర్పండి, తెలియని వస్తువు మీద భయం ఎప్పటికీ పోదు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోని రోజులొస్తే రైఫిల్ కొన్నాళ్ళు బయట, క్లబ్బు వాళ్ళ దగ్గరో డీలర్ దగ్గరో పెట్టించేద్దామని మేమిద్దరం ముందే అనుకున్నాం. ఈ మాట పెద్దగా ఎవరూ ఎత్తరు, ఎత్తాలి. మీ రాష్ట్రంలో అలా పెట్టించడానికి ఏ కాగితాలు కావాలో కూడా ముందే అడిగి పెట్టుకోండి.

సీసం సంగతి కూడా. రేంజ్ నుంచి వచ్చాక చేతులు, మొహం సబ్బుతో చల్లటి నీళ్ళతో కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడు పాపని ఎత్తుకోండి. రేంజ్ షూస్ గుమ్మం బయటే. ఇండోర్ రేంజ్ అయితే ఇంకా జాగ్రత్త, అక్కడి దుమ్ములో సీసం ఎక్కువ. క్లీనింగ్ కూడా వంటింటి బల్ల మీద పెట్టకండి, మనవాళ్ళకి అదొక అలవాటు.

నిలబడి కాల్చడం గురించి ఒక్క మాట, ఆడవాళ్ళకి బరువు రైఫిల్ కష్టమంటారు, చేతి కండతో మోస్తే ఎవరికైనా కష్టమే. ఎడమ మోచెయ్యి పక్కటెముకలకో నడుముకో ఆనించి ఎముక మీద బరువు వదిలేస్తే 12 పౌండ్లయినా నిలుస్తుంది. నాది హెవీ బారెలే, మార్చే ఆలోచన లేదు.

సైలెంట్_సుబ్బు:

అందరికీ చాలా చాలా థాంక్స్, మల్లి గారి పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించా, సేఫ్ ఆవిడే సెలెక్ట్ చేస్తోంది ఇప్పుడు. నిన్న పెద్దాయన ఇంటికెళ్ళి రైఫిల్ చూశా. రైఫిల్ పై, కింద భాగాల్ని కలిపే ముందు పిన్ను మామూలు ఏఆర్‌ల కంటే లావుగా, రెండు పక్కలా స్క్రూ తలలతో ఉంది, లోపల ట్రిగ్గర్ వెనక ఒక ఉక్కు దిమ్మ బిగించి ఉంది. ఎవరైనా పాడు చేశారా ఏంటి? గ్రూపులు బానే ఉన్నాయి అంటారు ఆయన, కానీ స్లింగ్ (చేతికి చుట్టుకునే పట్టీ) బిగించి పడుకుని కొడితే తూటా కిందకి పోతుందట.

ఆరు_వందల_గజాలు:

కంగారు పడకండి, ఆ కాలం కోల్ట్ స్పోర్టర్లు ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయి. ముందు పిన్ను 0.315 అంగుళాలు, మిగతా అందరిదీ 0.250. ట్రిగ్గర్, హ్యామర్ పిన్నులు కూడా 0.170, మామూలువి 0.154. ఆ దిమ్మ ఆటోమేటిక్ భాగాలు పట్టకుండా కోల్ట్ వాళ్ళే పెట్టింది, దాన్ని ముట్టుకోకండి, ఎవరైనా తీసేద్దాం అంటే ఆ మనిషితో మాట్లాడటం మానేయండి. వీటివల్ల వచ్చే తిప్పలు ఏంటంటే రేపు మ్యాచ్ ట్రిగ్గర్ కొంటే పెద్ద పిన్నులకి సరిపోయేది వెతుక్కోవాలి, దిమ్మకి తగలకుండా ఉండాలి, పై రిసీవర్ (రైఫిల్ పై భాగం) వేరేది మార్చాలన్నా మధ్యలో ఆఫ్‌సెట్ పిన్ను కావాలి. సర్వీస్ రైఫిల్‌కి ట్రిగ్గర్ కనీసం 4.5 పౌండ్లు లాగాలి కాబట్టి ముందు ఉన్నదాంతోనే ఆడండి.

కొనేముందు ఇంకో రెండు చూడండి. బోల్ట్ క్యారియర్ బయటికి తీసి, బోల్ట్ పూర్తిగా ముందుకి లాగి, బోల్ట్ మొహం మీద నిలబెట్టండి, క్యారియర్ తన బరువుకే కిందకి జారిపోతే గ్యాస్ రింగులు అరిగాయని, చిల్లర ఖర్చు. అసలు ఖర్చు చాంబర్ ముందు గొంతు అరిగితే. అది కంటితో తెలీదు, గన్‌స్మిత్ దగ్గర గేజ్ ఉంటుంది లేదా 77 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు పది కొట్టించండి, ఆ కాగితమే చెప్తుంది. 

స్లింగ్ బిగిస్తే కిందకి పోవడం రైఫిల్ జబ్బు కాదు. స్లింగ్ కొక్కెం ముందు సైట్ దిమ్మకి ఉంటుంది, ఆ దిమ్మ బారెల్‌కి ఉంటుంది, మీరు లాగేది బారెల్‌నే. హెచ్‌బార్ కాబట్టి తక్కువ వంగుతుంది, సన్న బారెల్ అయితే ఇంకా ఎక్కువ, అయినా 200 గజాల్లో కనపడేంత తేడా, కుడి చేతివాటం వాళ్ళకి కిందకీ కొంచెం ఎడమకీ. మందు ఏంటంటే హ్యాండ్‌గార్డ్ లోపల ఫ్రీఫ్లోట్ ట్యూబ్, బయటికి చూడ్డానికి ఏమీ మారదు, స్లింగ్ లాగుడంతా ట్యూబ్ మీద పడుతుంది, బారెల్‌ని ఎవరూ తాకరు. బారెల్ లావు కంటే మీకు ఎక్కువ పాయింట్లు తెచ్చేది ఇదే. ఇంట్లో చెయ్యకండి, ముందు సైట్ టేపర్ పిన్నులు ఒక వైపు నుంచే ఊడతాయి, తప్పు వైపు నుంచి కొట్టి దిమ్మ పాడుచేసినవి చాలా చూశా.

తేలిక_తమ్ముడు:

ఒక్క విషయం అన్నా, రాపిడ్ అయ్యాక చాంబర్‌లో తూటా వదిలేసి కబుర్లు చెప్పొద్దని సుబ్బు బ్రోకి చెప్పండి, లావు బారెల్ వేడి పట్టుకుని కూర్చుంటుంది కదా, అది తూటాకి ఎక్కుతుంది. కాల్చడం ఆగిందంటే మ్యాగజైన్ బయటికి, బోల్ట్ వెనక్కి, చాంబర్ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని చూపించే ముక్క) లోపలికి. మేం ఆడే చోట ఫ్లాగ్ లేకపోతే లైన్ దగ్గరికే రానివ్వరు.

సైలెంట్_సుబ్బు:

నోట్ చేసుకున్నా తమ్ముడూ. ట్యూబ్ వేయించేదాకా స్లింగ్ లేకుండా ఆడనా మరి?

ఆరు_వందల_గజాలు:

వద్దు, స్లింగ్ మొదటి రోజు నుంచే కట్టండి, కాకపోతే ప్రతిసారీ ఒకే బిగువులో. 1907 మోడల్ లెదర్ స్లింగ్ తీసుకోండి, చాలావాటికి చిల్లుల పక్కన నంబర్లు ఉంటాయి, కూర్చున్నప్పుడు ఏ చిల్లు, పడుకున్నప్పుడు ఏ చిల్లు అని డేటా బుక్‌లో రాసుకోండి. తర్వాత రైఫిల్‌కి జీరో (సైట్లని తూటా పడే చోటికి సరిచెయ్యడం) ఆ బిగువులోనే, ఆ పొజిషన్‌లోనే పెట్టండి, బెంచ్ మీద ఇసుక సంచులు పెట్టి చేసిన జీరో పడుకుంటే పనికిరాదు. కొత్త లెదర్ మొదట్లో సాగుతుంది, నెలరోజులకి ఒక చిల్లు మారుతుంది, అప్పుడు మళ్ళీ చూసుకోవాలి.